స్క్రైబస్‌ను మూలం నుండి నిర్మించుకోవడం

మన వార్షిక సంచికకు రెండు ముఖచిత్రాలు. ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు విభాగం, కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ విభాగం. రెండూ నడుమ ఎక్కడో ఒకచోట కలుసుకుంటాయి. చదివేవారికి ఇది ఒక ముచ్చట. అచ్చుకు సిద్ధం చేసేవారికి మాత్రం ఇది చిక్కు. ఒకే పుటలో ఒక ఉర్దూ షేర్, దాని క్రింద తెలుగు తాత్పర్యం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఉర్దూ భాగాన్ని వేరొక సాఫ్ట్‌వేరులో టైపు చేసి, బొమ్మగా మార్చి, తెలుగు పుటలో అతికించడం ముద్రణరంగంలో చాలకాలంగా ఉన్న పరిపాటి. అట్లా అతికించిన షేర్‌లో ఒక నుఖ్తా తప్పిపోతే అక్కడికక్కడ దిద్దడానికి వీలులేదు. మళ్ళీ మొదటినుండి టైపు చేసి మళ్ళీ బొమ్మ తీయవలసిందే.

రెండు లిపులనూ ఒకే పుటలో, అక్షరాలుగానే ఉంచి కూర్చగల సాఫ్ట్‌వేరు లేకపోలేదు. స్క్రైబస్ అట్టిది. పుస్తకాలకు, పత్రికలకు పుటలు కూర్చే ఈ సాఫ్ట్‌వేరు మూలపాఠం అందరికీ బహిరంగం. దానిని చదవడానికి, మార్చడానికి, మార్చినదానిని అదే షరతులపై ఇతరులకు ఇవ్వడానికి జీపీఎల్ అనే అనుమతిపత్రం హక్కు ఇస్తున్నది. సిద్ధంగా ఉన్న ప్రతిని దిగుమతి చేసుకొని వాడుకోవడం ఎవరైనా చేయగలరు. మూలపాఠం నుండి దానిని మన యంత్రం మీద మనమే నిర్మించుకోవడం ఎట్లా, అందుకు కావలసిన సాధన సామగ్రిని ఎట్లా అమర్చుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో మేము వివరించదలచిన విషయం.

సిద్ధంగా దొరికే వస్తువును శ్రమపడి మళ్ళీ తయారు చేయడం ఎందుకని కళాశాల కమిటీ సభ్యులు అడగవచ్చు, అడగవలసిన ప్రశ్నే. సమాధానం స్క్రైబస్ చరిత్రలోనే ఉన్నది. దాని 1.4 శ్రేణి ఐరోపా భాషలకు చక్కగా పనిచేసేది కాని, తెలుగు ఒత్తులను కలపలేకపోయేది. ఉర్దూ, అరబ్బీ లిపుల సంగతి సరేసరి. 2017లో వచ్చిన 1.5.3 సంచికతో ఈ లోపం తీరింది. తీర్చినవారిలో ముఖ్యులు ఒమాన్ దేశానికి చెందిన ఒక కార్యకర్తల బృందం. అరబ్బీ తమ భాష కనుక, మూలపాఠం చేతిలో ఉన్నది కనుక, వారు ఎవరి దయకోసమూ ఎదురుచూడలేదు. వారి శ్రమవల్ల అరబ్బీతోపాటు తెలుగుకు కూడా దారి ఏర్పడింది. ఆ మార్పులన్నీ 2024 జనవరిలో వెలువడిన 1.6 స్థిర సంచికలో చేరాయి. ఒమాన్ వారు చేసిన పనికి మొదటి మెట్టు, ఆ సాఫ్ట్‌వేరును తమ యంత్రం మీద నిర్మించుకోగలగడం. ఆ మెట్టు ఎక్కనివాడు దోషాన్ని చూడగలడే తప్ప, దానిని దిద్ది, దిద్దుబాటు పనిచేసినదా లేదా అని పరీక్షించలేడు.

ముందుగా లిపి సంగతి కొంచెం తెలుసుకోవాలి. ‘స్త్రీ’ అనేది మన కంటికి ఒకే అక్షరం. యంత్రం జ్ఞాపకంలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. ఈ ఆరింటినీ చదివి, ఫాంటులోని ఏ ఆకృతులను ఎక్కడ పేర్చాలో నిర్ణయించే పని ఒకటి జరగాలి. ఉర్దూలో ఈ పని ఇంకా సూక్ష్మమైనది. ‘బే’ అనే అక్షరం విడిగా ఉంటే ఒక రూపం, పదం మొదట ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి. నస్తాలీఖ్ శైలిలో ఆ రూపం తరువాతి అక్షరాన్నిబట్టి కూడా మారుతుంది. పదమంతా కుడి ఎగువనుండి ఎడమ దిగువకు జారుతూ నడుస్తుంది. పూర్వం ఈ నిర్ణయమంతా కాతిబ్ కలంలో ఉండేది. నేడు ఆ పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తున్నది. ఆ పేరు ఫారసీ పదం. ‘హర్ఫ్’ అంటే అక్షరం, ‘బాజ్’ అంటే తెరచిన అని అర్థం. ఓపెన్‌టైప్ అనే ఫాంటు విధానం పేరుకు అది ఫారసీ అనువాదం. ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు ఆ పేరు వినగానే అర్థమవుతుంది. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు మాత్రమే చదివినవారికంటే వారు ఒక అడుగు ముందున్నారు.

ఇక నిర్మాణం. మూలపాఠం అంటే మనుషులు చదవగలిగే ఆజ్ఞల సముదాయం. స్క్రైబస్ విషయంలో ఇది ప్రధానంగా సీ ప్లస్ ప్లస్ భాషలో ఉన్నది. కంపైలరు ఒక్కొక్క ఫైలునూ చదివి యంత్రభాషలోకి మారుస్తుంది. ఆ ముక్కలన్నింటినీ, బయటి లైబ్రరీలనూ కలిపి ఒకే ప్రోగ్రాముగా కుట్టేది లింకరు. వినడానికి ఇంతే. కాని మూలపాఠాన్ని తెచ్చుకొని కంపైలరును నడిపినంత మాత్రాన ఏ ప్రోగ్రామూ తయారుకాదు. స్క్రైబస్ తన పనులన్నీ తానే చేసుకోదు. కిటికీలు, బొత్తాలు గీయడానికి క్యూటీ, అక్షరాకృతులు చదవడానికి ఫ్రీటైప్, వాటిని పేర్చడానికి హార్ఫ్‌బజ్, కుడి-ఎడమ దిశలను, పంక్తి విరుపులను తేల్చడానికి ఐసీయూ, తెరమీద గీయడానికి కైరో, రంగుల నిర్వహణకు లిటిల్ సీఎంఎస్, పీడీఎఫ్ ఫైళ్ళను లోపలికి తీసుకోవడానికి పాప్లర్, అక్షరదోషాల తనిఖీకి హన్‌స్పెల్. ఇట్లా ఇతరులు వ్రాసిన ఎన్నో లైబ్రరీల మీద అది ఆధారపడుతున్నది. వీటన్నింటినీ సరియైన సంచికలలో ఒకచోట అమర్చడాన్నే నిర్మాణ పరిసరం ఏర్పరచుకోవడం అంటారు. మా అభిప్రాయంలో అసలు విద్య ఇదే. కంపైలరును నడపడం ఒక్క ఆజ్ఞతో తీరే పని.

లైబ్రరీ అన్న మాటను గ్రంథాలయమని గాని, కుతుబ్‌ఖానా అని గాని అనువదిస్తే విద్యార్థి దారితప్పుతాడు. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా ఏర్పడినప్పుడు పండితులు ఒక్కొక్క పారిభాషిక పదం మీద ఎంతో చర్చించారు. ఈ పదం వారి ముందుకు వచ్చి ఉంటే ఏమి చేసేవారో ఊహించుకోవలసిందే. మేము లైబ్రరీ అనే ఉంచాము.

మా వివరణకు డెబియన్, ఉబుంటు కుటుంబపు లినక్సును ఆధారంగా తీసుకున్నాము. ఇక్కడ ఆజ్ఞలను, పేర్లను తెలుగు అక్షరాలలో వ్రాస్తున్నాము. యంత్రం మీద వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి. మొదట కావలసినవి ‘బిల్డ్-ఎసెన్షియల్’ అనే మూట, ‘సీమేక్’, ‘గిట్’. మొదటిదానిలో కంపైలరు, లింకరు, ‘మేక్’ అనే పనిమంతుడు కలసి వస్తాయి. మూలపాఠాన్ని స్క్రైబస్ వారి విడుదల మూటనుండి గాని, గిట్‌హబ్‌లోని ప్రతిబింబం నుండి గాని తెచ్చుకోవచ్చు. ఆరంభకులు విడుదల మూటనే తీసుకోవాలని మా సలహా. ప్రతిదినం మారుతూ ఉండే మూలంతో పనిచేసేటప్పుడు దోషం తనదో మూలానిదో తెలియక క్రొత్తవాడు తికమకపడతాడు.

విద్యార్థులు ఎక్కువగా తడబడే చోటు దీని తరువాత వస్తుంది. కనుక కొంచెం నిదానంగా చెబుతాము. ఒక లైబ్రరీ రెండు మూటలుగా దొరుకుతుంది. మొదటిది నడిచే ప్రోగ్రాములకు కావలసిన యంత్రభాషా భాగం. ఇది చాలవరకు యంత్రంలో ముందే ఉంటుంది. రెండవదాని పేరు చివర ‘డెవ్’ అని ఉంటుంది. దీనిలో హెడరు ఫైళ్ళు ఉంటాయి. హెడరు అంటే ఆ లైబ్రరీ ఏయే పనులు చేయగలదో, ఒక్కొక్క పనికి ఏమేమి అందించాలో కంపైలరుకు తెలియజెప్పే వివరణ పత్రం. వంటశాలలో వంటవాడు ఉన్నాడు, కాని ఏమి వండగలడో చెప్పే జాబితా మన చేతిలో లేదు. అప్పుడు వడ్డన అడగడం ఎట్లా? “హార్ఫ్‌బజ్ నా యంత్రంలో ఉన్నది కదా, లేదంటున్నదేమి?” అన్న ప్రశ్నకు నూటికి తొంభై పాళ్ళు సమాధానం ఇదే: లైబ్రరీ ఉన్నది, డెవ్ మూట లేదు.

ఈ డెవ్ మూటలను ఒక్కొక్కటిగా వెదకి తెచ్చుకోవడం విసుగు పుట్టించే పని. డెబియన్ కుటుంబంలో దీనికి చక్కని ఉపాయం ఒకటి ఉన్నది. మూటల జాబితాలో మూలపాఠపు వరుసను తెరచి, ‘ఆప్ట్ బిల్డ్-డెప్ స్క్రైబస్’ అని ఆజ్ఞాపిస్తే, డెబియన్ వారు తమ ప్రతిని నిర్మించడానికి ఏ మూటలు వాడారో అవన్నీ ఒకేసారి దిగుతాయి. మనం నిర్మించబోయే సంచిక వారిదానికంటే క్రొత్తదైతే ఒకటి రెండు తక్కువపడవచ్చు. ఒక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. స్క్రైబస్ 1.6 శ్రేణి క్యూటీ 5 మీద నిలిచినది, 1.7 శ్రేణి క్యూటీ 6 మీదికి మారింది. ఒకదానికి కావలసిన మూటలు మరొకదానికి పనికిరావు.

సామగ్రి సిద్ధమైన పిమ్మట సీమేక్ పని ఆరంభమవుతుంది. ఇది కంపైలరు కాదు. యంత్రమంతా తిరిగి ఏ లైబ్రరీ ఎక్కడ ఉన్నదో, ఏ సంచికలో ఉన్నదో విచారించి, నిర్మాణపు పథకాన్ని వ్రాసిపెట్టే మేస్త్రీ వంటిది. దానికి రెండు విషయాలు ముందే చెప్పడం మంచిది. ఒకటి, నిర్మాణం మూలపాఠం ఉన్న ఫోల్డరులో కాక వేరొక ఖాళీ ఫోల్డరులో జరగాలి. అట్లా చేస్తే ఏదైనా చెడినప్పుడు ఆ ఫోల్డరును తుడిచివేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, మూలం చెక్కుచెదరదు. రెండు, తయారైన ప్రోగ్రామును ఎక్కడ నెలకొల్పాలో ‘ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్’ అన్న గుర్తుతో చెప్పాలి. ఆ స్థానం విద్యార్థి సొంత హోమ్ ఫోల్డరులోనే ఉంటే నెలకొల్పడానికి ప్రయోగశాల అధికారి పాస్‌వర్డు అక్కరలేదు. యంత్రంలో ఇంతకుముందే ఉన్న స్క్రైబస్‌కూ దీనికీ తగవు ఉండదు. మూలాన్ని మార్చి చూడదలచినవారు ‘డీబగ్’ విధానాన్ని కూడా కోరుకోవాలి. అట్లా నిర్మించిన ప్రోగ్రాము ఆగిపోయినప్పుడు ఏ ఫైలులో ఏ పంక్తివద్ద ఆగిందో తెలుసుకోవచ్చు.

సీమేక్ తెరమీద వ్రాసే నివేదికను చదవకుండా దాటవేయడం చాలమందికి అలవాటు. ఆ అలవాటు మానాలి. ఏది దొరికింది, ఏది దొరకలేదు, దొరకకపోయినా పరవాలేదా అన్నది అంతా అందులోనే ఉంటుంది. మరొక చిన్న మర్మం: సీమేక్ తాను కనుగొన్నదానిని ఒక కాష్ ఫైలులో వ్రాసుకొంటుంది. అమరిక మారినా అది కొన్నిసార్లు పాత జవాబులనే అప్పగిస్తుంది. సందేహం కలిగినప్పుడు నిర్మాణపు ఫోల్డరును ఖాళీ చేసి మళ్ళీ నడపడం మేలు.

తరువాత మేక్. దానికి ‘హైఫన్ జె’ గుర్తుతో ఒక సంఖ్య ఇస్తే అన్ని ఫైళ్ళను ఏకకాలంలో కంపైలు చేస్తుంది. యంత్రంలో ఎనిమిది కోర్‌లు ఉన్నాయి కదా అని ఎనిమిది ఇచ్చేవారు జ్ఞాపకశక్తి సంగతి మరచిపోతారు. ఒక్కొక్క పనికి సుమారు ఒక గిగాబైటు చొప్పున లెక్క వేసుకోవడం మా పద్ధతి. 4 గిగాబైట్ల యంత్రం మీద రెండు లేక మూడు చాలు. అంతకు మించితే యంత్రం మందగించడమో, కంపైలరు అర్ధాంతరంగా చంపబడటమో జరుగుతుంది; అట్టిచోట మూలపాఠంలో దోషం వెదకడం వృథా. వేగవంతమైన యంత్రం మీద నిర్మాణం నిమిషాలలో ముగుస్తుంది, పాతదాని మీద గంట దాటవచ్చు. చివర ‘మేక్ ఇన్‌స్టాల్’ తప్పనిసరి. స్క్రైబస్ తన బొమ్మలను, అనుబంధ భాగాలను నెలకొల్పిన స్థానంలోనే వెదకుతుంది కాబట్టి నిర్మాణపు ఫోల్డరునుండి నేరుగా నడిపితే సరిగా నడవదు.

నిర్మాణం మొదటి ప్రయత్నంలోనే పూర్తికావడం అరుదు. తెరనిండా ఎర్రని వ్రాత కనబడగానే చివరి పంక్తిని చూసి బెంబేలెత్తడం కంటే పైకి వెళ్ళి మొట్టమొదటి దోషాన్ని చదవడం నేర్చుకోవాలి. తక్కినవి తరచుగా దాని పిల్లలే. ఫైలు గాని డైరెక్టరీ గాని లేదని వస్తే, ఆ పేరు చివర హెడరు గుర్తు ఉన్నదేమో చూడాలి. ఉంటే డెవ్ మూట కొరత. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వస్తే కంపైలరు పని ముగిసింది, లింకరుకు ఒక ముక్క దొరకలేదని అర్థం. మూడవ రకం కొంచెం చిత్రమైనది. హెడరు ఉన్నది, లైబ్రరీ ఉన్నది, అయినా ఫలానా క్రియకు ఇన్ని విషయాలు అందించకూడదనో, ఫలానా సభ్యుడు లేడనో కంపైలరు మొరపెడుతుంది. దీనికి మంచి ఉదాహరణ పాప్లర్. పీడీఎఫ్‌ను లోపలికి తెచ్చే భాగం కోసం స్క్రైబస్ పాప్లర్ అంతర్గత క్రియలను వాడుకుంటున్నది. వాటిని మార్చబోమని పాప్లర్ వారు ఎవరికీ మాట ఇవ్వలేదు. క్రొత్త సంచిక వచ్చినప్పుడల్లా మార్చుతూనే ఉంటారు. అందువలన నిన్నటి స్క్రైబస్ మూలం నేటి పాప్లర్‌తో కంపైలు కాకపోవడం పలుమార్లు జరిగింది. తప్పు విద్యార్థిది కాదు, కంపైలరుది అంతకన్నా కాదు. స్క్రైబస్ వారి తరువాతి దిద్దుబాటును తెచ్చుకోవడమో, పాత పాప్లర్ గల లినక్సు సంచిక మీద నిర్మించడమో దీనికి మార్గం.

ప్రోగ్రాము తెరుచుకున్నది. ఇక మన అక్షరాల పరీక్ష. ఒక పుటలో రెండు చట్రాలు గీసి, ఒకదానిలో నోటో సెరిఫ్ తెలుగు, రెండవదానిలో నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటును ఎన్నుకొని, ఉర్దూ పేరాకు కుడినుండి ఎడమకు అనే దిశను నియమించాలి. నస్తాలీఖ్ పదాలు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి పంక్తుల నడుమ ఎడం తెలుగుకంటే ఎక్కువ కావాలి. లేకపోతే పై పంక్తి చివరలు క్రింది పంక్తి నుఖ్తాల మీద వాలుతాయి.

ఎక్కడైనా ఒత్తు విడిపోయినా, చుక్కల వృత్తం కనబడినా దోషం ఎవరిదో ఎట్లా తేల్చాలి? హార్ఫ్‌బజ్‌తోపాటు రెండు చిన్న పరికరాలు వస్తాయి. ‘హెచ్‌బీ-వ్యూ’ అనేదానికి ఫాంటును, పదాన్ని ఇస్తే బొమ్మ గీసి చూపుతుంది. ‘హెచ్‌బీ-షేప్’ ఏయే ఆకృతులు ఏ స్థానాలలో పేర్చబడ్డాయో జాబితా ఇస్తుంది. ఆ బొమ్మలో కూడా ఒత్తు విడిపోతే లోపం ఫాంటుదో హార్ఫ్‌బజ్‌దో అయి ఉండాలి. మరొక ఫాంటుతో చూస్తే ఆ ముడి కూడా వీడుతుంది. బొమ్మ సరిగా ఉండి స్క్రైబస్ పుటలో మాత్రమే చెడితే లోపం స్క్రైబస్‌ది. అప్పుడు తెరవవలసిన ఫైలు మూలపాఠంలో ‘టెక్స్ట్’ ఫోల్డరులోని ‘టెక్స్ట్‌షేపర్’. అందులో వాక్యాన్ని మొదట దిశనుబట్టి, తరువాత లిపినిబట్టి, ఆపైన శైలినిబట్టి ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను హార్ఫ్‌బజ్‌కు అప్పగించే క్రమం కనిపిస్తుంది. ఉర్దూ వాక్యం నడుమ తెలుగు పేరు గాని, ఒక సంవత్సరపు అంకెలు గాని వచ్చినప్పుడు జరిగే పనంతా ఇక్కడే. అంకెలు ఉర్దూలో కూడా ఎడమనుండి కుడికే నడుస్తాయి కదా. మన కళాశాల విద్యార్థికి ఇంతకంటె దగ్గరి పాఠ్యాంశం కంప్యూటరు శాస్త్రంలో మరొకటి ఉన్నదని మేము అనుకోము.

కమిటీ వారికి ఒక విన్నపం. దీనికి క్రొత్త ప్రయోగశాల అక్కరలేదు. ఉన్న యంత్రాలలో ఒకదానిని, 8 గిగాబైట్ల జ్ఞాపకశక్తితో, లినక్సు వేసి నిర్మాణాలకోసం ప్రత్యేకించితే చాలు. మూటలను ఒక్కసారి దిగుమతి చేసి కళాశాల యంత్రంలోనే భద్రపరచితే ప్రతి విద్యార్థీ మళ్ళీ ఇంటర్నెట్టును ఆశ్రయించనక్కరలేదు. ఆ యంత్రం మీద మూటలను నెలకొల్పే అధికారం ఒక అధ్యాపకునికి, ఇద్దరు విద్యార్థులకు ఇవ్వాలి. మన అనుభవంలో ప్రయోగశాలలలో కొరవడేది సామగ్రికంటె ఈ అధికారమే. ఇంటివద్ద విండోస్ యంత్రం ఉన్న విద్యార్థులు డబ్ల్యూఎస్ఎల్ అనే అమరికతో ఉబుంటును దానిలోనే నడుపుకోవచ్చు; విండోస్ 11లో లినక్సు ప్రోగ్రాముల కిటికీలు కూడా తెరుచుకుంటాయి. పైన చెప్పిన క్రమం అక్కడ కూడా వర్తిస్తుంది.

అభ్యాసం: విడుదల మూటనుండి స్క్రైబస్‌ను నిర్మించి, వాడిన లైబ్రరీల సంచికల సంఖ్యలను ప్రయోగ పుస్తకంలో వ్రాయండి. తరువాత పరిచయ కిటికీలో కనిపించే ఒక వాక్యాన్ని మూలంలో వెదకి మార్చి మళ్ళీ మేక్ నడపండి. ఈసారి ఎన్ని ఫైళ్ళు కంపైలు అయ్యాయో లెక్కించి, కారణం వ్రాయండి. ఆ పిమ్మట ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, పొల్లు విడిగా నిలిచే ‘కర్‌నూలు’ అన్న పదాలను మూడు తెలుగు ఫాంటులలోనూ, ఒక సంవత్సరం, ఒక తెలుగు పేరు నడుమ వచ్చే ఉర్దూ వాక్యాన్ని నస్తాలీఖ్‌లోనూ కూర్చి, పీడీఎఫ్ తీసి, దానిపక్కన హెచ్‌బీ-వ్యూ గీసిన బొమ్మను ఉంచండి. తేడా కనబడిన పదాలను ఫాంటు పేరుతో, సంచికల సంఖ్యలతో సహా వ్రాసి తీసుకురండి. వాటిలో స్క్రైబస్ దోషమని తేలినవాటిని స్క్రైబస్ వారి దోషాల పట్టికకు కళాశాల పేరుమీద కలసి పంపుదాము.